మొదటి జవాబు

పావగడ బస్టాండు దగ్గర ఒక డీటీపీ దుకాణం ఉందనుకోండి. పెళ్లికార్డులు, గృహప్రవేశం పత్రికలు, తాలూకాఫీసులో పెట్టుకునే అర్జీలు అక్కడ తయారవుతాయి. జిల్లా తుమకూరే అయినా దాదాపు చుట్టూ ఆంధ్రా ఊళ్లే ఉన్న తాలూకా కదా, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒకే పెళ్లికి రెండు భాషల్లో కార్డు కొట్టించేవాళ్లకు కొదవలేదు. ఖర్చు తగ్గుతుందని దుకాణం ఆయన కంప్యూటర్‌లో లినక్స్ వేయించుకున్నాడు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. (ఇదే తాలూకాలో తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అంతమాత్రాన బజార్లో కరెంటు పోకూడదని రూలేమీ లేదు.) వచ్చాక చూస్తే మధ్యాహ్నం నుంచి చేసిన కార్డుల ఫైళ్లు పేర్లతో సహా ఉన్నచోటే ఉన్నాయి, లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు. సున్నా బైట్లు. తెల్లారితే పెళ్లివాళ్లు వస్తారు.

ఆ రాత్రి ఆయన రాసే బగ్ రిపోర్టు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "మీ కొత్త అప్‌డేట్ నా ఫైళ్లన్నీ తినేసింది. పరీక్ష చేయకుండానే జనం మీదకు వదిలేస్తారా? ఇంతకంటే డబ్బులిచ్చి కొనుక్కున్నదే మేలు." వెర్షన్ నంబరు లేదు, లాగ్ లేదు, ఏ ప్రోగ్రామ్‌లో పని చేస్తున్నాడో లేదు.

దాన్ని అందుకునేది మీరు. పగలు బెంగళూరులో ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక ఆయన కంప్యూటర్‌లోని ఒక ప్యాకేజీకి మెయింటెయినర్. జీతం లేదు, పొగడ్త కూడా అరుదే. మెయిల్ తెరవగానే మనసులో మూడు మాటలు మెదులుతాయి. బ్యాకప్ పెట్టుకోవద్దా? యూపీఎస్ కొనుక్కోవద్దా? ఫైలును డిస్కు మీద రాయడం చేతకాని ఆ ప్రోగ్రామ్‌ది తప్పైతే నన్నెందుకు అంటాడు? ఈ మూడూ నిజమే కావచ్చు. అయినా మొదటి జవాబులో మూడింటికీ చోటు లేదు. ఎందుకో చెప్పడానికి రెండు పాత కేసులు చూద్దాం. రెండింటిలోనూ మెయింటెయినర్ దగ్గర "నియమం ప్రకారం నేను చేసింది సరైనదే" అనే వాదన ఉంది. ఆ వాదనతో ఒక్కొక్కరు ఏం చేశారన్నదే తేడా.

మొదటిది 2009 జనవరిలో వచ్చిన ఉబుంటు బగ్ 317781. అప్పటికి ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ కొత్తది, కెర్నల్ 2.6.28తో 2008 డిసెంబరులోనే స్థిరమైనదిగా బయటికి వచ్చింది. రిపోర్టు రాసినాయన చెప్పింది అచ్చం మన డీటీపీ దుకాణం కథే. కరెంటు పోయాక ఒక ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైలు సున్నా బైట్లకు వచ్చేసింది. ఇంకో రోజు సిస్టమ్ క్రాష్ అయితే, అంతకుముందు రాసిన ఫైళ్లు దాదాపు అన్నీ ఖాళీ అయిపోయాయి.

లోపల జరుగుతున్నది ఇది. పాత ఎక్స్‌టీ3 సుమారు 5 సెకన్లకొకసారి రాతను డిస్కుకు చేర్చేది. ఎక్స్‌టీ4 వేగం కోసం డేటాను మెమరీలోనే కాసేపు ఆపి, డిస్కు మీద ఎక్కడ పెట్టాలో తర్వాత నిర్ణయించుకుంటుంది. ఈలోపు ఫైలు పేరు మార్పు ముందుగా డిస్కుకు చేరిపోతుంది, లోపలి సరుకు ఇంకా మెమరీలోనే ఉంటుంది. సరిగ్గా ఆ సందులో కరెంటు పోతే పేరు మిగులుతుంది, సరుకు పోతుంది. డేటా కచ్చితంగా డిస్కు మీదకు వెళ్లాలంటే ప్రోగ్రామే ఎఫ్‌సింక్ అనే పిలుపుతో అడగాలి. పోసిక్స్ ప్రమాణం చెప్పేదీ అదే. చాలా ప్రోగ్రాములు అడగడం మానేశాయి, ఎక్స్‌టీ3 మీద అడగకపోయినా నడిచిపోయింది కాబట్టి.

ఎక్స్‌టీ4 మెయింటెయినర్ థియోడర్ త్సో దీన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేయవచ్చు. "ప్రమాణం చదువుకోండి" అంటే చాలు, ఎవరూ తప్పుపట్టలేరు. ఆయన అదే బగ్ కింద పొడుగాటి వివరణ రాశాడు: ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, ప్రోగ్రాములు రాసేవాళ్లు ఏం మార్చుకోవాలి. తన వాదన వదులుకోలేదు, అప్లికేషన్లదే తప్పని గట్టిగానే అన్నాడు. అయితే అక్కడితో చేతులు దులుపుకోలేదు. ప్రోగ్రాములు ఎక్కువగా చేసే ఆ రెండు రకాల పనులను, అంటే పాత ఫైలు మీద కొత్తది పేరు మార్చి పెట్టడాన్నీ, ఫైలును ఖాళీ చేసి మళ్లీ రాయడాన్నీ, ఎక్స్‌టీ4 తనంతట తాను గుర్తుపట్టి డేటాను వెంటనే డిస్కుకు పంపేలా ప్యాచ్‌లు రాశాడు. అవి 2.6.30లో చేరాయి. ఎవరిది తప్పన్న వాదం చాలాకాలం నడిచింది, ఆయన మీదా విసుర్లు పడ్డాయి. జనం ఫైళ్లు మాత్రం ఈలోపే చాలావరకు గట్టెక్కాయి.

రెండోది 2017 నాటి కేసు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీది. ఫలానా సర్వీసును ఫలానా యూజర్ పేరుతో నడపమని సెట్టింగుల ఫైలులో రాస్తాం. ఆ పేరు అంకెతో మొదలైతే, ఉదాహరణకు '0డే' అని ఉంటే, సిస్టమ్‌డీ దాన్ని చెల్లని పేరుగా లెక్కగట్టి ఆ వరుసనే వదిలేసేది. వరుస లేకపోతే సర్వీసు రూట్‌గా నడుస్తుంది. అంటే తక్కువ అధికారంతో నడవాలని మనం ప్రత్యేకంగా రాసుకున్నది కాస్తా సర్వాధికారాలతో నడుస్తుందన్నమాట. ఒకరు దీన్ని రిపోర్టు చేశారు. అలాంటి పేరు అసలు చెల్లదు, కాబట్టి ఇది బగ్ కాదు అంటూ ప్రాజెక్టు నాయకుడు లెనార్ట్ పోటరింగ్ దాన్ని మూసేశాడు.

వాదనగా చూస్తే అందులో పస లేకపోలేదు. అయితే రిపోర్టు రాసినవాడు అడిగింది పేరు చెల్లుతుందా లేదా అని కాదు. చెల్లని పేరు కనిపిస్తే ఆగిపోవాల్సింది పోయి రూట్‌గా నడపడం ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు రాకముందే తలుపు మూసుకుంది. దానికి భద్రతా లోపాలకిచ్చే సీవీఈ నంబరు వచ్చింది. భద్రతా నిపుణులిచ్చే ప్వీనీ అవార్డుల్లో ఆ ఏడాది "అతి నాసిరకం జవాబు" విభాగంలో బహుమతి సిస్టమ్‌డీ బగ్‌లకు ఇచ్చిన జవాబులకే దక్కింది. తర్వాత సిస్టమ్‌డీ పద్ధతి మార్చుకుంది, చెల్లని యూజర్ పేరుంటే ఇప్పుడు ఆ సర్వీసును లోడే చేయదు. చివరికి చేయక తప్పని మార్పే అది. మొదటి రోజే "ఆలోచించాల్సిన విషయమే, చూస్తాను" అనివుంటే ఆ అవార్డు ఇంకెవరికో వెళ్లేది.

నా తీర్పు ఇది. మీ వాదన ఎంత బలమైనదైనా, వాడేవాడికి జరిగిన నష్టం బగ్గే. వాదన రాసుకోండి, దాంతోపాటు ప్యాచ్ కూడా రాయండి.

ఇక రిపోర్టులోని వివరాల సంగతి. కోపంతో రాసిన రిపోర్టులో కారణం దాదాపు ఎప్పుడూ తప్పే ఉంటుంది. "మీ అప్‌డేట్ తినేసింది" అంటాడు, నిజానికి అప్‌డేట్‌తో దానికి సంబంధమే ఉండకపోవచ్చు. కారణం తప్పని రిపోర్టునే పక్కన పడేయకండి. పావగడలో పుట్టినవాళ్లకు ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ల వల్ల వచ్చే జబ్బు మన దేశంలో 1937లో మొదట బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లాలో. రైతులు చెప్పింది నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని కాదు, ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోతున్నాయని. నీళ్ల దాకా వెళ్లి కారణం పట్టుకోవడం వైద్యుల పని అయింది. మీకు వచ్చే రిపోర్టు కూడా అలాంటిదే. అవతలివాడికి తెలిసింది లక్షణం ఒక్కటే. దాన్ని నమ్మండి. కారణం వెతకడం మీ వంతు.

ఇప్పుడు జవాబు రాద్దాం. దుకాణం ఆయనకు నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే అన్నా. మీ ఫైళ్లు పోయిన సంగతి చదివాను. పూట పని మొత్తం పోవడం చిన్న విషయం కాదు. ముందు ఒక మాట. ఆ డిస్కు మీద ఇంకేమీ సేవ్ చేయకండి, పాతవి వెనక్కి వచ్చే అవకాశం కొంచెమైనా ఉంటే అదీ పోతుంది. నాకు మూడు సంగతులు కావాలి. కరెంటు పోవడానికి ఎంతసేపు ముందు చివరిసారి సేవ్ చేశారు? ఏ ప్రోగ్రామ్‌లో? కింద ఒక కమాండు రాశాను, అది టెర్మినల్‌లో కొట్టి, వచ్చింది వచ్చినట్టే ఇక్కడ అతికించండి. మీకు జరిగింది నా మెషీన్‌లో జరుగుతుందేమో రేపు రాత్రి చూస్తాను. తేలినా తేలకపోయినా ఆదివారంలోపు ఇక్కడే రాస్తాను."

ఇందులో క్షమాపణ లేదు, గమనించారా? తప్పు మనదో కాదో ఇంకా తెలియదు కాబట్టి. అలాగని బ్యాకప్ పాఠమూ లేదు. ఆ పాఠం ఆయనకు ఆ సాయంత్రమే వచ్చింది, మనం మళ్లీ చెప్పడం పుండు మీద కారం. ఆయన ఇంకా పోగొట్టుకోబోయేది ఏదైనా ఉంటే దాన్ని ఆపే మాట ముందు వచ్చింది. అడిగిన ప్రశ్నలు ఆయన జవాబు చెప్పగలిగినవి. "పూర్తి లాగ్‌లు జత చేయండి, లేకపోతే మూసేస్తాం" అని రాస్తే డీటీపీ దుకాణం ఆయన ఆ రాత్రే కిటికీ మూసుకుని వెళ్లిపోతాడు, బగ్ మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది. చివర్లో ఆదివారం అన్న గడువు ఉంది. గడువు చెప్పాక మాత్రం తప్పకండి. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని రాయండి, దానికీ విలువ ఉంది.

భాష గురించి కూడా ఒక మాట. పావగడ నుంచి వచ్చే రిపోర్టు సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మధ్యలో రెండు కన్నడ మాటలతో రావచ్చు. మీకు అర్థమైతే దాన్ని మీరే చక్కటి ఇంగ్లీషులో తిరగరాసి కింద పెట్టండి, మిగతా డెవలపర్లకు పనికొస్తుంది. భాష బాగాలేదని రిపోర్టు విలువ తగ్గించకండి.

విలువ తగ్గించడం అంటే గుర్తొచ్చింది. డెబియన్‌లో బగ్ తీవ్రతకు క్రిటికల్, గ్రేవ్, సీరియస్ నుంచి మైనర్, విష్‌లిస్ట్ దాకా మెట్లున్నాయి. పై మూడింట్లో ఏదైనా మిగిలి ఉంటే కొత్త విడుదల ఆగుతుంది, అందుకే మెయింటెయినర్ చెయ్యి తీవ్రత తగ్గించడానికి దురదపెడుతుంది. డేటా పోయిందన్న రిపోర్టు నిర్వచనం ప్రకారమే పై మెట్లలోకి వస్తుంది. మొదటి జవాబులో దాన్ని ముట్టుకోకండి. పరీక్ష చేశాక తగ్గించాల్సి వస్తే కారణం రాసి తగ్గించండి. "ఒక్క భాషలోనే వస్తోంది కదా" అన్నది కారణం కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చింది మన జ్ఞా అక్షరమే, మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి వచ్చినప్పుడు. అది ఉన్న సందేశం వస్తే యాప్ తెరుచుకోదు, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొండికేస్తుంది. ఆపిల్ దానికోసమే ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. ఆపిల్ సంగతి వేరు, లోపల ఏం జరిగిందో వాళ్లకే తెలియాలి. ఓపెన్ సోర్స్‌లో తెలుగు వత్తు ఒకటి విరిగితే లోహిత్ ఫాంట్ ప్యాకేజీలోనో హార్ఫ్‌బజ్‌లోనో వెతికి పట్టుకునే వీలు మీకుంది, వీలుండి వదిలేస్తే సాకు లేదు.

రిపోర్టులో చెప్పినది మీ మెషీన్‌లో రప్పించడమే సగం పని. దుకాణం ఆయన చెప్పిన వెర్షన్ ఒక వర్చువల్ మెషీన్‌లో వేసి, ఫైలు సేవ్ చేసి, వర్చువల్ మెషీన్‌ను ఉన్నపళంగా ఆపేయండి. అదే కరెంటు పోవడం. పది సెకన్ల తర్వాత ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి చూడండి. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో పోతోందంటే గిట్ బైసెక్ట్ ఉండనే ఉంది. మధ్యలో 10,000 మార్పులున్నా సగానికి సగం కొట్టేసుకుంటూ పోతే 14 పరీక్షల్లో దోషి దొరుకుతుంది. ఏ మార్పుతో చెడిందో తెలిశాక వాదనకు పెద్దగా చోటుండదు. నిన్నటి దాకా నడిచింది ఈరోజు ఆగితే అది కెర్నల్ బగ్గే, వాడేవాడి తప్పు కాదని లినక్స్ కెర్నల్‌లో మొదటి నియమం. 2012లో లైనస్ టోర్వాల్డ్స్ ఈ నియమం మీదే ఒక మెయింటెయినర్‌ను అందరి ముందూ బండబూతులు తిట్టాడు. నియమం సరైనదే, తిట్టు కాదు. 2018 సెప్టెంబరు 16న ఆయనే తన తీరుకు క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నాడు.

అదే టోర్వాల్డ్స్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే లోపం బయటపడింది, మామూలు యూజర్ రూట్ అయిపోగలిగే దారి అది. సరిదిద్దిన ప్యాచ్‌తో పాటు ఆయన రాసిన వివరణలో ఒక వాక్యం ఉంది: దీన్ని పదకొండేళ్ల కిందట తానే సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయానని, ఆ మార్పును తర్వాత వేరే ఇబ్బంది వల్ల తీసేశారని. అంతే. సంజాయిషీ లేదు, గుండెలు బాదుకోవడం లేదు. తప్పు మనదని తేలాక ఒప్పుకోవడానికి అంత చోటు చాలు.

తప్పు పెద్దదైతే ప్యాచ్‌తో పని అయిపోదు. 2006లో డెబియన్ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో ఒక హెచ్చరిక పోగొట్టడానికి రెండు వరుసలు తీసేసింది. తీయవచ్చా అని అసలు ప్రాజెక్టువాళ్లను అడిగే తీసింది, అక్కడి నుంచి తేలికైన సరే ఒకటి వచ్చింది. దాంతో రహస్య తాళాలు తయారు చేసే యాదృచ్ఛికత దాదాపు పూర్తిగా పోయింది. ఒక్కో రకం తాళానికి 32,768 అవకాశాలే మిగిలాయి. 2008 మే 13న అది బయటపెట్టినప్పుడు కొత్త ప్యాకేజీ ఇచ్చి ఊరుకోలేదు. పాత తాళాలు బలహీనమైనవో కావో చూసే పరికరం ఇచ్చారు, బలహీనమైన తాళాల జాబితాను ఎస్‌ఎస్‌హెచ్‌కు జతచేశారు. ప్యాకేజీ మార్చినా పాత తాళం ఇంకా గుమ్మానికి వేలాడుతూనే ఉంటుందని గుర్తించిన జవాబు అది. దుకాణం ఆయన విషయంలోనూ అంతే. ప్యాచ్ విడుదలయ్యాక, ఖాళీ అయిన ఫైళ్లు ఇంకేవైనా ఉన్నాయేమో వెతికే ఒక్క కమాండు కూడా రాసివ్వండి.

భద్రతకు సంబంధించిన రిపోర్టు అయితే బహిరంగంగా చర్చించకండి, ప్రాజెక్టు సెక్యూరిటీ బృందానికి రహస్యంగా పంపండి. అయితే రహస్యం పేరుతో అటకెక్కించడానికి వీల్లేదు. లినక్స్ కెర్నల్ సెక్యూరిటీ బృందం సరైన ప్యాచ్ చేతికొచ్చాక మామూలుగా 7 రోజులకు మించి దాచదు. గూగుల్ ప్రాజెక్ట్ జీరో ఇచ్చే గడువు 90 రోజులు. రిపోర్టు చేసినవారికి తేదీ చెప్పండి, మధ్యలో ఎక్కడి దాకా వచ్చిందో కబురు పెట్టండి.

ఇంతవరకు చెప్పింది విని, అడిగినవాళ్లకల్లా తలవంచాలని అనుకోకండి. ఎక్స్‌జెడ్ కథ అందుకే చెప్పాలి. చాలా లినక్స్ వ్యవస్థల్లో ఉండే ఆ చిన్న కంప్రెషన్ లైబ్రరీని లాసే కొలిన్ ఒక్కడే ఏళ్ల తరబడి తీరిక వేళల్లో చూసుకునేవాడు. 2022లో కొన్ని పేర్లతో వరసగా సణుగుడు మొదలైంది: పనులు నత్తనడకన సాగుతున్నాయి, ఇంకెవరికైనా అప్పగించరాదా అని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని కొలిన్ చెప్పుకున్నాడు. చివరికి ఓపికగా సాయం చేస్తూ వచ్చిన జియా టాన్ అనే పేరుకు అధికారాలిచ్చాడు. ఆ పేరు మీదే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. సణిగిన పేర్లు కూడా ఆ పథకంలో భాగమేనని ఇప్పుడు చాలామంది నమ్మకం.

పట్టించింది ఒక మంచి బగ్ రిపోర్టు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందన్న అనుమానం వచ్చింది. తవ్వుకుంటూ పోయి, ముందు డెబియన్ సెక్యూరిటీ బృందానికి, మిగతా డిస్ట్రిబ్యూషన్లకు రహస్యంగా చెప్పి, 2024 మార్చి 29న బయటపెట్టాడు. తనకు తెలిసిందేదో, తెలియనిదేదో విడివిడిగా రాశాడు. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల ఆయన్ను బహిరంగంగా మెచ్చుకున్నాడు. కొలిన్ తిరిగొచ్చి, జరిగింది నాలుగు ముక్కల్లో రాసిపెట్టి, కోడ్ అంతా వడపోసి మే 29న 5.6.2 విడుదల చేశాడు.

ఫ్రాయిండ్ రాసినదానికీ ఆ సణుగుడుకూ తేడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బగ్ రిపోర్టులో ఏం జరిగిందో ఉంటుంది, తిట్టు ఉన్నా సరే. సణుగుడులో మీరెలాంటివారో మాత్రమే ఉంటుంది. మొదటిదానికి ఎంత ఓపికైనా పెట్టండి. రెండోదానికి "ఈ నెల నాకు కుదరదు, ప్యాచ్ పంపితే చూస్తాను" అన్న ఒక్క వాక్యం చాలు. దానికి సంజాయిషీ జతచేయకండి. ఒంట్లో బాగాలేకపోతే పని ఆపండి. మీతో కలిసి పనిచేసి చూసినవాళ్లకు కొన్ని బాధ్యతలు పంచండి, తొందరపెట్టినవాళ్లు చూపించిన మనిషికి మాత్రం వద్దు.

బగ్ సరయ్యాక ప్యాచ్‌లో 'రిపోర్టెడ్-బై' వరుసలో దుకాణం ఆయన పేరు రాయండి, ముందు ఆయన్ను అడిగి. విడుదలకు ముందే ఆయన దగ్గరే పరీక్ష చేయించండి. ఆయన కంప్యూటర్, ఆయన ఫైళ్లు, ఆయన ఊరి కరెంటు మీ వర్చువల్ మెషీన్‌లో దొరకవు. రెండో రిపోర్టు ఆయన రాసేటప్పుడు వెర్షన్ నంబరు అందులో ఉంటుంది.

మీ ప్యాకేజీ బగ్ జాబితాలో జవాబు లేకుండా పడివున్న పాత రిపోర్టులు ఉండే ఉంటాయి. అన్నిటికంటే పాతదాన్ని ఈ రాత్రి తెరిచి, "చూశాను, ఇది ఇప్పటికీ వస్తోందా?" అని అడగండి.